కడ ఊపిరి కామెంట్లు

112వ రోజు

నా పేజీ మూసేశారు. అందుకని ఈ అట్టల పుస్తకంలో రాస్తున్నాను. ఇక్కడ కామెంట్లు రావు, ఎవరూ చదవరు. ఒక విధంగా మంచిదే. తిట్టాలనుకున్నవాణ్ణి కడుపారా తిట్టుకోవచ్చు.

వాడి పేరు తవిటినాయుడు. మా నాలుగో తెప్పకి టవర్ గది గుమస్తా. నాలుగో తెప్ప అంటే నూట ఎనభై ఇళ్ళు, ఒక మంచినీళ్ళ గది, ఒక టవరు, చుట్టూ సముద్రం. ఇలాంటివి పన్నెండున్నాయి. ఒక తెప్ప మీద రాసింది ఇంకో తెప్పకి చేరాలంటే టవర్ గది దాటాలి. ఆ గది తాళాలు ఈ దరిద్రుడి మొలకి వేలాడుతుంటాయి.

గుమస్తా కాకముందు వాడు నా పక్కనే కూర్చుని మంచినీళ్ళ గదిలో నాచు గీకేవాడు. సముద్రపు నీళ్ళలోని ఉప్పుని పట్టుకునే జల్లెడలు మా దగ్గర నలభై ఉన్నాయి. రెండు పూటలా వాటి మీద నాచు గీకకపోతే తెప్ప తెప్పంతా ఉప్పునీళ్ళు తాగాలి. నేను ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. మూడేళ్ళ కిందట "నాచు గీకుతూ" అని పేజీ మొదలుపెట్టింది కూడా అక్కడే. చేతులు గీకుతుంటే నోరు ఊరుకోదు కదా, ఆ నోట్లో మాటలే సాయంత్రం పలక మీద టపాగా రాసేదాన్ని.

పద్దెనిమిది రోజులు ఒక్క కామెంటూ రాలేదు. పంతొమ్మిదో రోజున వచ్చింది. "జల్లెడ అలా కాదమ్మా, వాలుగా పట్టుకుని గీకాలి." రాసింది మా వీధి చివర అప్పలసూరి మావయ్య. ఆయన జన్మలో జల్లెడ ముట్టుకుని ఎరగడు. అయినా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మనిషికి రోజుకి మూడే ఊపిరి ముద్రలు. పలక పక్క గొట్టంలో ఊదితే ముద్ర పడుతుంది, ముద్ర పడితేనే కామెంటు టవర్ దాటుతుంది. యంత్రాలు మనుషుల్లా మాట్లాడి మాట్లాడి, ఒడ్డుమీద ఎవరూ ఎవరినీ నమ్మని రోజులొచ్చాక, తెప్పలు కట్టిన పెద్దలు పెట్టిన నియమమిది. ఉన్న మూడింటిలో ఒకటి నా కోసం ఊదాడంటే మాటలా?

మర్నాటి టపాలో మొదటి మాటే మావయ్యకి జవాబు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. నిన్న ఎవరేమన్నారో వాళ్ళ పేరు పెట్టి జవాబు చెప్పాకే ఇవాళ్టి సంగతి. చివర ఒక చిన్న ప్రశ్న. పెద్ద ప్రశ్నలు వేస్తే జనం పారిపోతారు. "మీ ఇంట్లో మొదట లేచేదెవరు?" అంటే చాలు, ముగ్గురు కొట్టుకుంటారు. అలా అలా అరవై ముగ్గురయ్యారు. తొమ్మిదో తెప్పలో "ఉప్పుచేప" అనే పేరుతో రాసే ముసలామె ఉంది. ఒకసారి నాలుగు రోజులు ఆమె కామెంటు లేకపోతే, నా పేజీలోనే నలుగురు కంగారుపడి పడవ పంపించారు. తుంటి విరిగి గడప దగ్గర పడి ఉందట. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. అదీ నా పేజీ.

తుఫాను రోజున ఎనిమిది ఇళ్ళవాళ్ళు మా ఇంట్లో తలదాచుకున్నారు. చీకటి, తడి, గోల. అంత గోలలోనూ నా టపాకి కామెంట్లు పెట్టారు పిచ్చిముండావాళ్ళు. ఒకళ్ళ పలక మీద రాసి ఇంకొకళ్ళ గొట్టంలో ఊదారు. నాలుగు కామెంట్ల మీద పేరొకరిది, ఊపిరొకరిది పడింది. పేరూ ఊపిరీ సరిపోయాయా లేదా అని చూసేది టవర్ గుమస్తా. మామూలుగా అయితే నవ్వి వదిలేయాలి. వీడు "దొంగ ముద్రలు" అని ఫిర్యాదు రాశాడు. ఇవాళ పొద్దున పేజీకి మూత పడింది. అరవై రోజుల్లో, అంటే 172వ రోజులోగా, ఫిర్యాదు కొట్టేయించుకోలేకపోతే పేజీ శాశ్వతంగా చెరిపేస్తారు. మూడేళ్ళ మాటలూ పోతాయి.

వాణ్ణి వదలను. ఇది రాసిపెట్టుకుంటున్నాను.

114వ రోజు

ఈరోజు చూశాను. 

వాడికి "వేడివేడిగా" అని ఒక వంటల పేజీ ఉంది. రోజుకి నాలుగు కామెంట్లు వచ్చేవి, అందులో ఒకటి వాళ్ళ అత్తది. నా అరవై ముగ్గురు రాసిన మూడేళ్ళ కామెంట్లన్నీ ఎత్తుకుపోయి ఆ పేజీలో పెట్టుకున్నాడు. పైన ఒక బోర్డు కూడా. "అనాథలైన మాటలకు ఆశ్రయం."

గీకుడు కత్తి చేతిలో ఉండగానే టవర్ గదికి వెళ్ళాను.

"ఏరా తవిటీ, నా వాళ్ళ మాటలు నీ పేజీలోకి ఎలా ఎల్లినాయిరా?"

"కోప్పడకప్పా. నీ పేజీ ఎలాగూ మూతబడిపోనాది. ఆ మాటలు పాడైపోతాయని నానే సూసి ఎత్తిపెట్టినాను."

"ఎవరడిగారురా నిన్ను?"

"ఎవరూ అడక్కపోయినా సేసేదే మంచితనం. నువ్వే కదేటి, జనాన్ని ఎలా కూడగట్టాలో నాకు నేర్పినావు? పేరెట్టి పలకరించు అన్నావు, సివర ప్రెశ్న అడుగు అన్నావు. నీ శిష్యుడు బాగుపడితే నీకు బాధేటి?"

అవును, వాడు అప్పా అని పిలిచే ఈ అక్కే నేర్పింది. జల్లెడల దగ్గర కూర్చుని, నా రొట్టె సగం వాడికి పెట్టి మరీ నేర్పాను. వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు మీద నా కత్తి వేసి నాచు గీకినట్టు గీకాలనిపించింది. ఉసూరుమంటూ మంచినీళ్ళ గదికొచ్చి ఇరవై జల్లెడలు గీకాను. ఆ పూటకి నా వంతు పన్నెండే.

121వ రోజు

పడవలో తొమ్మిదో తెప్ప నుంచి ఎండుచేపల పొట్లం వచ్చింది. లోపల చీటీ. "ఆ వంటలోడి పేజీలో నా మాటలు సూసి ఒళ్ళు మండిపోయింది. నాను సచ్చినా ఆడికి ఊపిరి ఇవ్వను. నువ్వెప్పుడొస్తావు? ఉప్పుచేప." చీటీ జాకెట్లో దాచుకున్నాను.

అప్పలసూరి మావయ్య మాత్రం ఓదార్చడానికైనా రాలేదు. పైగా వారం రోజులుగా మహా హుషారుగా ఉన్నాడు. పెళ్ళాం దాలమ్మ పోయి పదకొండు నెలలైంది. అప్పటినుంచి గంజి తప్ప ఏమీ కాచుకోని మనిషి ఇవాళ మధ్యాహ్నం పులుసు పెట్టుకుంటున్నాడు. వాసన వీధంతా వచ్చింది. గడప దగ్గర ఆగి నా గోడు చెప్పబోతే, "తర్వాత మాట్లాడుకుందామమ్మా, తినే వేళయిపోనాది" అని తలుపు వేసుకున్నాడు. నా మొదటి కామెంటు మనిషి. నా కొంప మునిగిపోతుంటే ఈయనకి పులుసు కావలసి వచ్చింది.

పగ తీర్చుకోవాలన్నా దారి కనపడటం లేదు. బంగారమ్మ పిన్ని మా తెప్పకి పెద్ద. ఆమెకి చెప్పుకుంటే, "రుజువు తే రత్నం, నీ ఏడుపు నాకు రుజువు కాదు" అంది.

129వ రోజు

వాడి పేజీకి నిన్న ఒక్కరోజే నూట నలభై కామెంట్లు! ఒక్కరోజు వంద దాటితే పన్నెండు తెప్పల్లోనూ పొద్దున్నే ఆ పేజీయే మొదట తెరుచుకుంటుంది. ఇప్పుడు అందరూ వీడి ముఖం చూసి నిద్ర లేవాలన్నమాట.

కూర్చుని ఒక్కో కామెంటూ చదివాను. మూడేళ్ళు కామెంట్లు చదివినదాన్ని, నాకు తెలీదా? బతికున్న మనిషి కామెంటు తిన్నగా ఉండదు. వంకాయ కూర గురించి రాస్తే మోకాలి నొప్పి గురించి చెబుతారు. పొగిడినా ఒక పుల్ల పెడతారు. వీటిలో అదేమీ లేదు. "చాలా బాగుంది." "వేళకి తినండి." "ఇంకా రాయండి." నూట నలభై మందికీ ఒకే గొంతు. కానీ అన్నిటికీ ఊపిరి ముద్ర ఉంది. ఊపిరి లేనిదే ముద్ర పడదు. మరి ఎవరి ఊపిరి?

ఇవాళ అమ్మ పోయిన తిథి కూడా. సీసాల గదికి వెళ్ళాను. మనిషి పోయేటప్పుడు కడ ఊపిరిని గాజు సీసాలో పట్టి, మైనంతో మూత వేసి ఆ గదిలో పెడతాం. నెలకోసారి వెళ్ళి సీసా చేతిలోకి తీసుకుని, తుడిచి, నాలుగు మాటలు చెప్పి వస్తాం. చల్లగా ఉండాలని ఆ గదిని టవర్ గది పక్కనే కట్టారు. తాళం గుమస్తాదే.

అమ్మ సీసా తుడుస్తుంటే మూత మీద వేలు ఆగింది. మా ఇంట్లో మైనంలో పసుపు కలుపుతాం. అమ్మ సీసాకి నా చేత్తో నేనే పసుపు మైనం పెట్టాను. ఇప్పుడున్నది తెల్లమైనం.

 పక్క సీసాలు చూశాను. తెల్లమైనం, తెల్లమైనం, తెల్లమైనం. ఒక సీసాడు ఊపిరితో పదీ పన్నెండు ముద్రలు పడతాయని వాడే ఒకప్పుడు నాకు చెప్పాడు.

పోయినవాళ్ళ ఊపిరి పీల్చి వాళ్ళచేత కామెంట్లు పెట్టిస్తున్నాడు. మా అమ్మచేత వాడి వంకాయ కూర పొగిడించాడు. అమ్మా, నీ ఒట్టు, వీణ్ణి ఈ తెప్ప మీద నిలవనివ్వను.

130వ రోజు

కోపం వచ్చినప్పుడు నేను అరుస్తాను. ఈసారి అరవలేదు. అందుకే నా మీద నాకే భయం వేసింది.

ఎవరి ఊపిరితో ఎక్కడ ముద్ర పడినా, ఆ మనిషి పలక మీది చిట్టాలో దానంతట అదే చేరుతుంది. దాన్ని ఆపడం గుమస్తా వల్ల కూడా కాదు. కానీ మనిషి పోయాక పలకని తెల్లగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేయడం మా ఆచారం. ఎవరూ మళ్ళీ విప్పరు. వాడి ధైర్యమంతా ఆ గుడ్డ ముడి మీదే ఉంది. అమ్మ పలక తుఫానులో తడిసింది, విప్పినా వెలగదు. ఇంకొకళ్ళని విప్పమంటే మాట సాయంత్రానికల్లా వాడి చెవిన పడుతుంది.

అందుకని ఇవాళ అమ్మ సీసా లాంటిదే ఇంకోటి తీసుకుని, దాన్నిండా నా ఊపిరి ఊదాను. తెల్లమైనం పెట్టి, మీద అమ్మ పేరు రాశాను. అడుగున ఇంకో ముద్రకి మిగిలిందేమోనని వాడు పాత సీసాలు మళ్ళీ పీల్చి చూడకుండా ఉండడు. వెళ్ళి "నిన్న సరిగ్గా తుడవలేదురా" అని చెప్పి లోపలికి పోయి, అమ్మ సీసా కొంగులో దాచుకుని, నాది అక్కడ పెట్టి వచ్చాను. తవిటి తల ఎత్తి కూడా చూడలేదు. వెలక్కాయ పచ్చడి టపా రాసుకుంటున్నాడు.

అమ్మ సీసాకి పసుపు మైనం మళ్ళీ పెట్టాను. అందులో ఏమీ లేదని తెలుసు. అయినా పెట్టాను.

137వ రోజు

ఏడు రోజులు అన్నం సహించలేదు. రోజుకి ఇరవైసార్లు నా చిట్టా చూసుకున్నాను. నేను ఎవరికీ కామెంటు పెట్టడం లేదు కాబట్టి ఖాళీగా ఉంది.

ఈరోజు పదకొండు గంటలకి, చేతినిండా నాచు ఉండగా, ఒక వరస వచ్చి పడింది. "వేడివేడిగా" పేజీ. వాడు కల్పించిన పేరు "కనకాంబరం", పేరూ ఊపిరీ సరిచూసేది వాడే కదా. మాట "అద్భుతం, నోరూరింది."

నా ఊపిరి! నేను రాయని మాట! మంచినీళ్ళ గదిలో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను. దొరికావురా నా కొడకా. నలభై జల్లెడలూ పాడుకుంటూ గీకాను.

138వ రోజు

సభ మధ్యాహ్నం రేవు అరుగు మీద పెట్టారు. బంగారమ్మ పిన్ని నా పలక చూసింది. సీసా మార్చిన సంగతి విని, అమ్మ అసలు సీసా చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సీసాలున్న ఇళ్ళవాళ్ళంతా అటక మీది పలకలు దింపండి" అంది.

వాళ్ళు అరుగు మీదే గుడ్డలు విప్పారు. ఒక్కొక్క పలకా వెలిగింది. ఒక్కొక్క చిట్టాలోనూ కామెంట్లే. పోయిన మొగుళ్ళు, పోయిన తల్లులు, ఆరేళ్ళకే పోయిన ఒక పసిదాని పలకలో కూడా, "మసాలా కాస్త తగ్గించండి." దాని తల్లి ఆ పలకని గుండెకి అదుముకుని కూలబడింది.

"ఏటిరా ఇది?" అంది పిన్ని.

తవిటి చేతులు జోడించాడు. "తప్పయిపోనాది పిన్నీ. సీసాల్లో ఊరికే ఉండాది కదా అనుకున్నాను. ఎవరికీ నష్టం లేదు కదా అని..." నా వైపు తిరిగాడు. "అప్పా, నువ్వైనా సెప్పప్పా. ఒక్క కామెంటూ రాకపోతే ఎలాగుంటాదో నీకు తెల్దా?"

తెలుసు. పద్దెనిమిది రోజులు నాకూ రాలేదు. "తెలుసురా. అయినా నేను మా అమ్మ గొంతు పిసకలేదు" అన్నాను. జనం అరిచారు. ఆ అరుపు నా ఒంటికి చల్లగా తగిలింది.

తీర్పు. మూడేళ్ళు, దూరాన సముద్రంలో లంగరేసిన దీపం బార్జీ మీద ఒంటరి కాపలా. పలక లేదు, గొట్టం లేదు. వాడి పేజీ చెరపాలి, నా వాళ్ళ మాటలు నాకు తిరిగి రావాలి. నాకైతే అప్పుడే పడవ ఎక్కించేయాలనిపించింది. పిన్ని చెయ్యెత్తి ఆపింది.

"పోయినోళ్ళ ఊపిరితో పడ్డ మాట సెరపాలంటే ఇంటోళ్ళ ఊపిరి కావాలి. ముప్పై ఒక్క సీసాలు. ముప్పై ఒక్క ఇళ్ళోళ్ళూ 'ఇది మావాళ్ళ మాట కాదు' అని ఊదాలి. ఒక్కటి తగ్గినా తీర్పు నడవదు. గడువు నీకు తెలుసు కదా రత్నం?"

తెలుసు. 172.

మొదటి ఊపిరి నాదే. మా అమ్మ తరఫున.

151వ రోజు

ఇరవై మూడు అయ్యాయి. పొద్దున జల్లెడలు, మధ్యాహ్నం ఇళ్ళు, సాయంత్రం జల్లెడలు. కొందరు ఏడుస్తూ ఊదారు. ఒకాయన సీసా నేలకేసి కొట్టి ఊదాడు. పసిదాని తల్లి తలుపు దగ్గరే నిలబెట్టి, "నువ్వు ఈ సంగతి బయటెట్టకపోతే నా బిడ్డ ఇంకా ఆ గదిలోనే ఉండేది" అని నా ముఖాన అని, తర్వాత ఊదింది.

తప్పు వాడిది, నాది కాదు. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. ఆమె ఎదురింటి ఊపిరి కూడా తీసుకునే వచ్చాను.

160వ రోజు

ముప్పై అయ్యాయి. మిగిలింది ఒక్కటి. దాలమ్మది.

అప్పలసూరి మావయ్య సభకి రాలేదు. పలక దింపలేదు. సీసా మైనం చూసి ఆవిడదీ వాడేశాడని మేమే తేల్చాం. నాలుగుసార్లు తలుపు కొట్టాను, తియ్యలేదు. ఇవాళ తీసే ఉంది. మావయ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు రెండు కంచాలు.

"రామ్మా. ముప్పై అయినాయంట కదా."

"అయ్యాయి మావయ్యా. నీ ఒక్క ఊపిరే మిగిలింది."

పక్కనున్న పలక నా చేతికిచ్చాడు. దాలమ్మ పలక. దానికి గుడ్డ చుట్టలేదు, అటక ఎక్కించలేదు. ఏడాదిగా మంచం పక్కనే పెట్టుకున్నాడట. "సదువు" అన్నాడు.

పదకొండు కామెంట్లు. "వేళకి తినండి." "కారం తగ్గించండి, కడుపులో మంట పుడుతుంది." "పులుసు మహా బాగుంది, రేపు కూడా పెట్టండి." "చల్లారకముందే తినేయండి."

"ముప్పై తొమ్మిదేళ్ళు నాకు ఇదే సెప్పిందమ్మా. తిన్నావా, తిన్నావా అని పేణం తోడేసేది. నిజం సెప్తే నీకు కోపం వస్తాదేమో, అది నీ పేజీ సదివేది కాదు. ఆ రత్నానికి నోరెక్కువ అనేది. వంటల పేజీలో కనబడిందంటే, అదే అయ్యుంటాదని నమ్మీసినాను. రోజూ వండుకున్నాను. దానికీ ఒక కంచం పెట్టినాను."

పలక మీద ఆ పదకొండూ మళ్ళీ చదివాను. 

"పదకొండూ ఆడే రాసినాడా? అన్నీనా? ఇందులో ఒక్కటైనా..." అని ఆగి నా ముఖంలోకి చూశాడు.

ఒక్కటి చూపించి "ఇది వాడిది కాదేమో మావయ్యా" అనేస్తే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. నమ్మి ఊదడం మానేసేవాడు. గడువు పన్నెండు రోజులు. ఉప్పుచేప చీటీ ఇంకా నా జాకెట్లో ఉంది. తవిటి టవర్ గదిలో నవ్విన నవ్వు ఇంకా నా కళ్ళల్లో ఉంది. వాడు బార్జీ ఎక్కడం చూడకుండా నేను బతకలేననిపించింది. అదీ నిజం. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

"అన్నీ వాడే రాశాడు మావయ్యా" అన్నాను.

ఆయన తల ఊపాడు. గొట్టం దగ్గరికి లాక్కుని ఊదాడు. ఊపిరి చాలలేదు, ముద్ర పడలేదు. మళ్ళీ ఊదాడు. మూడోసారికి పడింది. "ఇక ఎల్లమ్మా" అన్నాడు. రెండో కంచంలోని అన్నం తన కంచంలోకి వంచుకోవడం చూసి బయటికొచ్చాను.

జాలి వేసింది. చాలా వేసింది. అయినా బంగారమ్మ పిన్ని ఇంటిదాకా పరుగులాంటి నడకే నడిచాను.

161వ రోజు

పొద్దున్న పడవ. తవిటినాయుడు చేతిసంచితో ఎక్కాడు. పెళ్ళాం రేవుదాకా వచ్చి, పడవ కదలకముందే వెనక్కి తిరిగింది. నేను ముందు వరసలో నిలబడ్డాను. వాడు చూడాలనే నిలబడ్డాను. చూశాడు. "అప్పా" అన్నాడు. నేను పక్కకి తిరిగి ఉమ్మేశాను. పడవ కనబడనంత దూరం పోయేదాకా అక్కడే ఉన్నాను.

తర్వాత టవర్ గదిలో దొంగ కామెంట్లు చెరిపాం. పిన్ని నన్నే చెరపమంది. మూడు వందల నలభై ఒకటి. దాలమ్మవి చివర వచ్చాయి. చేతిని ఆగనివ్వలేదు.

163వ రోజు

పేజీ తెరిచారు. అరవై ముగ్గురి మాటలూ తిరిగొచ్చాయి, ఒక్కటి కూడా పోలేదు. టపా రాశాను. జరిగిందంతా రాశాను, వాడి పేరు ఇంటిపేరుతో సహా. చివర ప్రశ్న ఏదీ తోచక, "అందరూ ఉన్నారా?" అని మాత్రం అడిగాను.

సాయంత్రానికి యాభై ఎనిమిది కామెంట్లు. ఉప్పుచేప మూడు ఊపిర్లూ నాకే ఊదేసింది. "తల్లీ, ఆడి మొహం మీద ఉమ్మినావంట కదా, నా తరఫున ఇంకోటి ఉమ్మాల్సింది." అందరూ ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు. నేను గెలిచాను.

యాభై తొమ్మిదో కామెంటు అప్పలసూరి మావయ్యది. ఒకటే మాట.

"తిన్నాను."

కింద వెంటనే ఉప్పుచేప, మూడు అయిపోయాయి కాబట్టి పక్కింటావిడ పేరు మీదే ఆవిడ చేత ఊదించి మరీ, "ఎవరడిగారు మావా నిన్ను?" అని వేళాకోళం పెట్టించింది. ఇంకో ఇద్దరు నవ్వారు. వాళ్ళకి తెలీదు. టపాలో ఆ ఒక్క సంగతి మాత్రం నేను రాయలేదు.

జవాబు రేపటి టపాలో చెప్పడం నా పద్ధతి. ఇవాళ ఆగలేకపోయాను. నా మూడు ఊపిర్లలో ఒకటి తీసి ఆయన కామెంటు కిందే ఊదాను. "ఏం కూర మావయ్యా?"

కూర్చున్నాను. కొత్త కామెంట్లు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ చదవలేదు.

దీపాలు పెట్టే వేళకి ఆయన జవాబు వచ్చింది.

"అది నీకెందుకమ్మా."